తూట్‌జోర్‌లో విడాకులు సున్నా

ఫిబ్రవరి 12

ఇంటి పుస్తకం వేరే ఉంది. పిండి, నూనె, బొగ్గు, ఎవరి పెళ్ళికి ఏం పెట్టామో అన్నీ అందులోకి వెళ్తాయి. ఏ పద్దులోనూ పట్టని సంగతులు ఈమధ్య ఎక్కువవుతున్నాయి. వాటికి ఈ నోటుబుక్కు. దీని చోటు చలికాలం దుప్పట్ల కింద. దుప్పట్లు తీసి మడతపెట్టే మగవాడు మార్గిలాన్‌లో ఇంకా పుట్టలేదు కాబట్టి క్షేమంగా ఉంటుంది.

ఈ రోజు మా పేటకి, అంటే తూట్‌జోర్ మహల్లాకి, కొత్త చైర్మన్ని ఎన్నుకున్నారు. మా ఆయన, తుర్గున్. పట్టు మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు టైమ్‌కీపర్‌గా పనిచేసి, ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాసి, రిటైరయ్యాక రెండేళ్ళుగా నా వంట ఎన్ని నిమిషాలు ఆలస్యమవుతోందో చూస్తున్న మనిషి. పోటీకి ఎవరూ లేరు. చేతులెత్తమన్నారు, ఎత్తారు. నబీజాన్ తాత కునుకు తీస్తుంటే పక్కవాళ్ళు ఆయన చెయ్యి కూడా ఎత్తారట. ఏకగ్రీవం.

మహల్లా ముద్రని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి అలమరలో మా అమ్మ ఇచ్చిన కమ్మల పక్కన పెట్టారు.

"గుల్‌రుఖ్, ఇక ఇది మన ఇల్లు కాదు. నాలుగు వందల ఇళ్ళకి ఇల్లు," అన్నారు.

గుల్‌రుఖ్ మా పెద్దమ్మాయి. అందరి మొగుళ్ళలాగే ఈయనా నన్ను పెద్ద బిడ్డ పేరుతోనే పిలుస్తారు. అమ్మాయి నమన్‌గాన్ నుంచి వచ్చిన రోజున ఇద్దరం ఒకేసారి "ఆఁ" అంటాం.

అభినందించడానికి వచ్చినవాళ్ళకి పోసిన టీ: పదిహేడు కెటిళ్ళు. రొట్టెలు ముప్ఫై ఒకటి. ఎన్నికలో నేను చెయ్యి ఎత్తలేదు. రెండు చేతులూ పిండిలో ఉన్నాయి.

ఫిబ్రవరి 25

మహల్లా ఆఫీసులో గది వేడిచేసే పొయ్యి పాడైంది, బాగయ్యేదాకా మీటింగులు మా ముందు గదిలో. ఈ పొయ్యి కిందటి చైర్మన్ హయాంలోనూ పాడైంది, అంతకు ముందాయన హయాంలోనూ. మహల్లాలో తరం మారినా మారనిది అదొక్కటే. పాత చైర్మన్ల ఇళ్ళవాళ్ళు నన్ను చూసి ఎందుకు నవ్వుతున్నారో ఇప్పుడు తెలిసింది.

ఈ యేడు జిల్లాలో ఆదర్శ మహల్లా పోటీ ఉంది. గెలిచినవాళ్ళ వీధికి తారు రోడ్డు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయన పడుకోవడం లేదు. ఎగతాళిగా రాయడం లేదు. మా వీధి బురద మామూలు బురద కాదు. కిందటి చలికాలం గుండె పట్టుకున్న హాషిమ్ తాతని అంబులెన్సు దాకా తలుపు చెక్క మీద మోసుకెళ్ళారు. అంబులెన్సు ఆయన దాకా రాలేక.

ముందు గదిలో నల్లబల్ల వేలాడదీశారు. నేరాలు: 0. బడి మానేసిన పిల్లలు: 0. విడాకులు: 0. సున్నాలు చాలా గుండ్రంగా ఉన్నాయి. గదికి అందం వచ్చిందట.

మార్చి 9

రాజీ సంఘం మొదటిసారి కూర్చుంది. సంఘం అంటే మా ఆయన, నబీజాన్ తాత, మహిళా సలహాదారు ముయస్సర్. ముయస్సర్ చంకలో ఎప్పుడూ ఫైలు, చేతిలో ఎప్పుడూ గుమ్మడి గింజలు. ఇంకో ఇద్దరు తెల్లగడ్డం పెద్దలు పులావ్ కోసం.

కేసు మా పక్కింటిదే. కోడలు హిలోలా, ఇరవై నాలుగేళ్ళు, మూడేళ్ళ పాప. మొగుడు ఇల్యోస్‌కి టైర్ల కొట్టు. వాళ్ళ పెరటికీ మా పెరటికీ మధ్య గోడలో చిన్న తలుపు ఉంది. ఉప్పు, నిప్పు, కబుర్లు అందులోంచే. హిలోలా కూడా అందులోంచే వచ్చింది. కంటి కింద నీలం. విడాకులు కావాలంది. కోర్టుకి వెళ్ళాలంటే ముందు 'రాజీ కుదరలేదు' అని మహల్లా కాగితం ఇవ్వాలి, మీద ముద్ర ఉండాలి. ముద్ర కమ్మల పక్కన ఉంది.

నబీజాన్ తాత గడ్డం దువ్వుకుని, "అమ్మాయ్, తీయటి మాటకి పాము కూడా పుట్టలోంచి బయటికొస్తుంది," అన్నాడు.

"పాము పుట్టలో లేదు తాతా, మంచం మీదే ఉంది," అంది హిలోలా.

ముయస్సర్ గింజ నోట్లో ఉండగానే నవ్వి పొలమారింది. ఆ తర్వాత అందరూ తలా ఒక సలహా ఇచ్చారు. అత్తకి ముందే లేవమని ఒకరు, మొగుడు రాగానే నీళ్ళివ్వమని ఒకరు. నేనూ ఒకటి ఇచ్చాను. "మొదటి అయిదేళ్ళు ఎవరికైనా అంతేనమ్మా. ఓర్చుకో," అన్నాను. మంచి సలహా. మా అత్తగారు నాకిచ్చినదే, ఏమీ చెడిపోకుండా దాచిపెట్టి ఇచ్చాను.

ఇల్యోస్‌ని పిలిచారు. తలొంచుకుని, "తప్పయింది తాతా," అన్నాడు. నబీజాన్ తాత చేతులెత్తి దువా చేశాడు. పులావ్. ఫోటో. ఫైల్లో: రాజీ అయిన కుటుంబాలు, ఒకటి.

మార్చి 21

నవ్‌రోజ్, వసంతం పండగ. రాత్రంతా వీధిలో పెద్ద కాగులో సుమలక్, మొలకెత్తిన గోధుమల పాయసం, కలిపాం, ఆడవాళ్ళందరం వంతులు వేసుకుని. ఉదయం సభ. సంస్కారం తెలిసిన యువకుడిగా ఇల్యోస్‌కి జరీ అంగీ కప్పారు. కప్పింది మా ఆయనే. హిలోలా చప్పట్లు కొట్టింది, అందరూ తననే చూస్తున్నారు కాబట్టి.

సుమలక్ అడుగంటలేదు. ఈ రోజు గర్వపడదగ్గది అదొక్కటే.

ఏప్రిల్ 17

శ్రమదానం. మగవాళ్ళు కాలువ తవ్వారు. తవ్వినవాళ్ళు తొమ్మిదిమంది, ఎలా తవ్వాలో చెప్పినవాళ్ళు ఇరవై ఆరు.

మే 14

హిలోలా వచ్చింది. ఎడమ చేతికి పిండికట్టు. మల్బరీ పళ్ళు కోస్తూ నిచ్చెన మీంచి పడిందని వాళ్ళ అత్త హోసియత్ వీధంతా చెప్పింది. వాళ్ళ పెరట్లో మల్బరీ చెట్టు లేదు.

సూప్ పెట్టాను. రెండు గంటలు వంటింట్లో కూర్చుంది. ఆయన వచ్చి, "చైర్మన్ ఇంట్లో ఇంకొకరి భార్య దాక్కుంటే జనం ఏమనుకుంటారు? దిగబెట్టిరా గుల్‌రుఖ్. సాయంత్రం అందరం కూర్చుని మాట్లాడతాం," అన్నారు.

హిలోలా తనంతట తనే నడిచి వెళ్ళింది. నేను పక్కన ఉన్నాను, అంతే.

సాయంత్రం కూర్చున్నారు. ఫైల్లో: రాజీ, రెండవసారి.

మే 15

రాయడానికి ఏమీ లేదు.

మే 16

రాయడానికి ఏమీ లేదు. కెటిళ్ళు తొమ్మిది.

మే 27

చెర్రీ జామ్, పదకొండు సీసాలు. ఒకటి పగిలింది.

సవరణ. మే 14 నాటి దాంట్లో తప్పు ఉంది. హిలోలా తనంతట తను నడిచి వెళ్ళలేదు. చిన్న తలుపు దగ్గర ఆగిపోయింది. నేను చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకెళ్ళి హోసియత్‌కి అప్పగించాను. "ఇదిగో మీ అమ్మాయి," అన్నాను కూడా. తప్పుగా రాసిన లెక్కని కొట్టేయకూడదు, కింద సవరణ రాయాలి. అందుకని రాశాను.

జూలై 8

మూడవసారి. ఈసారి దెబ్బలు కనబడే చోట లేవు. అనుభవం వచ్చింది అతనికి.

మధ్యాహ్నం, అందరూ ఎండకి ఇళ్ళల్లో పడుకున్న వేళ వచ్చింది. కూర్చోలేదు. సరాసరి ముందు గదిలోకి వెళ్ళి, "మావయ్యా, నాకు సలహా వద్దు. కాగితం ఇవ్వండి," అంది.

"పదిహేనో తారీఖున జిల్లా నుంచి మనిషి వస్తున్నాడమ్మా. నెలాఖరుకి ఫలితం. ఆ తర్వాత చూద్దాం. సెప్టెంబరు అనుకో," అన్నారు మా ఆయన.

"సెప్టెంబరు దాకా నన్నెక్కడ ఉండమంటారు? ఆ బల్ల మీద సున్నాలోనా?"

"పెద్దవాళ్ళతో అలా మాట్లాడకూడదు."

"మా పెద్దవాళ్ళెవరూ మిగల్లేదు మావయ్యా. రిష్టాన్‌లో పిన్ని ఉంది. కాగితం లేకుండా వస్తే లేచొచ్చిందంటారు, కాగితంతో రా, గది సిద్ధంగా ఉంది అంటోంది."

ఆయన నల్లబల్ల కేసి చూశారు. హిలోలా నా కేసి చూసింది. నేను కెటిల్ కేసి చూశాను.

ఇక్కడే ఉండమన్నాను. ఉండలేనంది, పాపని హోసియత్ గదిలో పెట్టుకుని కూర్చుందట. మళ్ళీ చిన్న తలుపులోంచి వెళ్ళిపోయింది. ఈసారి నిజంగానే తనంతట తను.

జూలై 9

ముయస్సర్ ఫైలు మా ఇంట్లో మర్చిపోయింది. నేను ఎవరి ఫైళ్ళూ చదవను. తెరిచి ఉంది. సరిగ్గా చెప్పాలంటే, దారం ముడి వదులుగా ఉంది.

'జూలై 9, ఉదయం 11:15. సంఘం మూడవసారి సమావేశమైంది. దంపతులు తమ పొరపాటు గ్రహించి నవ్వుతూ ఇంటికి వెళ్ళారు.' కింద అయిదు సంతకాలు. ఈ ఉదయం మా ముందు గదిలో ఈగలు తప్ప ఎవరూ సమావేశం కాలేదు. వాటికీ నేను టీ ఇవ్వలేదు.

ముయస్సర్ ఫైలు కోసం వచ్చినప్పుడు అడిగాను.

"అక్కా, ఎలాగూ అదే జరుగుతుంది కదా. ఎండలో అందర్నీ పిలవడం ఎందుకని రాసేశాను. ముసలాళ్ళు, వడదెబ్బ తగులుద్ది," అంది.

ఎంత దయ.

జూలై 12

ఒక ఉపాయం తోచింది. ఉపాయమే, ఇంకేమీ కాదు. ఆ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను.

అర్జీ రాశాను. చిత్తు ప్రతి మూడుసార్లు. ఫారంలో 'కారణాలు' అని ఒక గడి ఉంది, దాన్ని ఖాళీగా వదలకూడదు, అందుకని నాలుగు కారణాలు పెట్టాను. గడి నింపడానికి పెట్టినవే. రెండు చాలేమో అనుకున్నాను గానీ, కలం పెట్టాక ఆగలేదు. చోటు చాలక వెనక పేజీకి వెళ్ళాల్సి వచ్చింది.

జూలై 15

జిల్లా మనిషి వచ్చాడు. సన్నగా, టై కట్టుకుని, చెమటలు కక్కుతూ. వీధి ఊడ్చి నీళ్ళు చల్లారు కాబట్టి బూట్ల నిండా బురద. ముందు గదిలో అందరూ కూర్చున్నారు. నేను ఏడు కిలోల బియ్యంతో పులావ్ చేశాను. మా ఆయన బల్ల మీద సున్నాలని తడిగుడ్డతో తుడిచి మళ్ళీ రాశారు, తాజాగా ఉంటాయని.

"ఫిర్యాదులు ఎలా తీసుకుంటారు చైర్మన్ గారూ?" అని అడిగాడతను. "కొన్ని మహల్లాల్లో కాగితం ఇస్తే నెల తర్వాత కూడా నంబరు పడదు."

మా ఆయన ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు నిటారుగా కూర్చున్నారు. "మా దగ్గర నిమిషం. ఎవరిచ్చినా సరే, ఏమిచ్చినా సరే. కాగితం చేతిలో పడ్డ నిమిషంలో ముద్ర, నంబరు. తర్వాతే చదవడం. ముందు చదివితే మొహమాటాలు మొదలవుతాయండీ."

పులావ్ పళ్ళెం మధ్యలో పెట్టి, ఎప్రన్ జేబులోంచి కాగితం తీశాను. "అయితే నాది కూడా ఒకటుంది," అన్నాను.

అందరూ నవ్వారు. మా ఆయన మురిసిపోయారు. వీధి కుళాయి గురించి అనుకున్నారట. "చూశారా, మా ఇంట్లోవాళ్ళకి కూడా ఇదే పద్ధతి," అంటూ ముద్రని ఊది, దించారు. టపీమని. నంబరు నలభై ఏడు. తన చేత్తో వేసి, గడియారం చూసి సమయం కూడా రాసి, గర్వంగా జిల్లా మనిషికి అందించారు. అతను చదివాడు. ఒకసారి పులావ్ కేసి చూసి, మళ్ళీ చదివాడు.

"చైర్మన్ గారూ, ఇది విడాకుల అర్జీ అండీ."

"ఎవరిది?"

"మీరే చెప్పాలి. ఇక్కడ సంతకమే ఉంది, చదవడానికి రావడం లేదు. దరఖాస్తుదారు పేరు చెప్పండి, నా నోట్‌లో రాసుకుంటాను."

మా ఆయన నోరు తెరిచారు. గుల్‌రుఖ్ అనబోయి ఆగారు. పాడైన తాళంలో బీగం చెవి తిప్పుతున్నట్టు గొంతు రెండుమూడుసార్లు కదిలింది.

"రిసోలత్," అన్నారు.

నా పేరు, ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి. పరవాలేదు, సరిగ్గానే పలికారు.

నబీజాన్ తాత, "పులావ్ చల్లారిపోతోంది," అన్నాడు. తిన్నారు. ఏమీ మిగల్లేదు. మాంసం కొంచెం ముదురని నాకనిపించింది.

జూలై 16

"వెనక్కి తీసుకో."

"నంబరు పడింది."

"నా పరువు నాలుగు వందల ఇళ్ళల్లో..."

"నాలుగు వందల పన్నెండు. కొత్తగా కట్టినవి కలిపితే."

తిన్నారు. చేతులు కడుక్కుంటూ, "ఇదంతా హిలోలా కోసమేనా?" అన్నారు.

"ఆ కాగితం మీద ముద్ర వేయడం ఎంతసేపటి పని?"

"ఒక్క విడాకులు పడితే తారు పోతుంది. హాషిమ్‌ని తలుపు మీద మోసినప్పుడు ముందు వైపు పట్టుకుంది నేను. దారిలో రెండుసార్లు జారాం. నీకేం తెలుసు."

నాకు తెలుసు. ఆ రోజు ఆయన పంట్లాం ఉతికింది నేనే. ఆ మాట అనలేదు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, అదే చిక్కు. అబద్ధమైతే నాకు సులువుగా ఉండేది.

జూలై 19

నా కేసు విచారణ. మా ముందు గదిలోనే, పొయ్యి ఇంకా బాగవలేదు. చైర్మన్ ప్రతివాది కాబట్టి నబీజాన్ తాత అధ్యక్షుడు. మా ఆయన్ని గుమ్మం పక్క పరుపు మీద కూర్చోబెట్టారు. హిలోలా కూర్చునే చోటు. అక్కడ నుంచి నల్లబల్ల కనబడదు.

టీ నేనే పోశాను. దరఖాస్తుదారు టీ పోయకూడదని ఏ చట్టంలోనైనా ఉన్నా, వాళ్ళకి దాహం వేస్తుంది కదా.

"కొట్టాడా తల్లీ?" అన్నాడు నబీజాన్ తాత.

"లేదు."

"తాగుతాడా?"

"టీ."

"వేరే ఆడమనిషి గొడవేమన్నా..."

"ఆయన టైం‌టేబుల్‌లో ఖాళీ లేదు."

"మరి ఇంకేం లోపం? ఇలాంటి మొగుణ్ణి ఇచ్చినందుకు రోజుకి అయిదుసార్లు దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి నువ్వు."

"పెట్టుకుంటున్నాను తాతా. అర్జీలో అది లేదు, ఉన్నవి చదివించండి."

ముయస్సర్ చదివింది. మొదటిది, ఇంటిని అడక్కుండా ఆఫీసు చేశారు. రెండవది, ఫిబ్రవరి నుంచి నాతో మాట్లాడిన మాటల్లో ఎక్కువ భాగం 'ఇంకో కెటిల్'. మూడవది, ఇరవై తొమ్మిదేళ్ళలో ఫలానా విషయంలో నీ అభిప్రాయం ఏమిటి అని ఒక్కసారీ అడగలేదు. పెద్దలు ముసిముసిగా నవ్వుకున్నారు. ఒకాయన, "మా ఇంటామె ఇది వినకుండా చూడాలి," అన్నాడు. ముయస్సర్ కూడా నవ్వుతూనే పేజీ తిప్పింది. అక్కడ నుంచి నవ్వలేదు.

'నాలుగవది. మే 14న పక్కింటి హిలోలా చేతికి కట్టుతో మా ఇంటికి వచ్చింది. నా భర్త తిరిగి పంపమన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి అప్పగించాను. కట్టు లేని చెయ్యి. నా చేత ఆ పని చేయించిన మనిషితో ఒక పొయ్యి దగ్గర బతకడం కష్టంగా ఉంది. ఆ పని చేసిన నాతో బతకడం ఇంకా కష్టంగా ఉంది, కానీ దానికి ఫారంలో గడి లేదు.'

గుమ్మడి గింజలు నమిలే చప్పుడు ఆగిపోయింది. నేను గిన్నెల్లో టీ నింపాను, నిండి ఉన్నవాటిలో కూడా.

నబీజాన్ తాత చివరికి, "ఇది విడాకులకి కారణం కాదమ్మా," అన్నాడు మెల్లగా.

"హిలోలావి కారణాలే కదా తాతా. వాటినేం చేశారు?"

మా ఆయన గుమ్మం దగ్గర నుంచి చెయ్యి చాపారు. "ఆ పిల్ల ఫైలు ఇలా ఇవ్వు ముయస్సర్."

మూడు నివేదికలూ చదివారు. ఆయన చదివే పద్ధతి నాకు తెలుసు, ముందు సమయాలు చూస్తారు, తర్వాత మనుషుల్ని. మూడవ దాని దగ్గర వేలు ఆగింది.

"తొమ్మిదో తారీఖు పదకొండుంపావుకి నువ్వు బజార్లో పుచ్చకాయ బేరమాడుతున్నావు. నేను చూశాను."

"అవును చైర్మన్ గారూ," అంది ముయస్సర్, "మీరూ అక్కడే ఉన్నారు కదా. కింద సంతకం మీదే."

మిల్లులో ఒకమ్మాయి స్నేహితురాలి హాజరు వేసినందుకు ఈయన ఇద్దరికీ మూడు రోజుల జీతం కోశారు. ఆ కథ పాతికేళ్ళుగా ప్రతి పెళ్ళిలోనూ చెబుతారు. ఈ రోజు చెప్పలేదు.

"నాదే," అన్నారు.

లేచి అలమర దగ్గరికి వెళ్ళి ముద్ర తెచ్చారు. 'రాజీ సాధ్యం కాదు' అని తన చేత్తో రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు. తారు రోడ్డు ఎంత వెడల్పో ఎంత పొడవో ఆ గదిలో అందరికీ తెలుసు. ఎవరూ వద్దనలేదు. నబీజాన్ తాత ఒక్కడే, "హాషిమ్ ఎలాగూ నడవలేడు," అని గొణిగాడు.

తర్వాత నా అర్జీ సంగతి. ఉపాయం పారింది కాబట్టి వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటానని చెప్పడానికే నోరు తెరిచాను.

"నియమం ప్రకారం ఆలోచించుకోడానికి గడువు ఇవ్వండి," అని వినబడింది. నా గొంతే.

మూడు నెలలు ఇచ్చారు. కలహ కుటుంబాన్ని వారం వారం చైర్మన్ స్వయంగా వెళ్ళి పరిశీలించి నివేదిక రాయాలి.

"చైర్మన్ అంటే..." అన్నారు మా ఆయన.

"నువ్వేరా," అన్నాడు నబీజాన్ తాత. "పోయిందేముంది, దూరం కూడా కాదు."

జూలై 20

పొద్దున్నే ఆయనా ముయస్సర్ పక్కింటికి వీధి గుమ్మంలోంచి వెళ్ళారు, చిన్న తలుపులోంచి కాదు. హోసియత్ అరుపులు మూడు వీధులు విన్నాయి. ఇల్యోస్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడట. "జరుగు నాయనా, బతిమాలి దిద్దించుకోడానికి ఇది హాజరు రిజిస్టరు కాదు," అన్నారట ఈయన. ముయస్సర్ పాపని ఎత్తుకుని వచ్చింది. ఫైలు చంకలో లేకుండా ఆమెని చూడటం ఇదే మొదలు.

హిలోలా రిష్టాన్ వెళ్ళే కారు ఎక్కింది. రొట్టెలు ఆరు, జామ్ రెండు సీసాలు, ఉడకబెట్టిన గుడ్లు ఇచ్చాను. తీసుకుంది. థాంక్స్ చెప్పలేదు. చెబుతుందని నేనూ అనుకోలేదు.

"కోర్టుకి నేనూ వస్తాను. చూసింది చెబుతాను," అన్నాను.

"మే నెలది కూడా చెబుతారా అత్తయ్యా?"

"అది కూడా."

ఆ మాటకి సగం తెరిచిన కారు అద్దాన్ని పూర్తిగా దించింది.

ఆగస్టు 2

చిన్న తలుపుని అవతల నుంచి ఇటుకలతో మూసేశారు. మేస్త్రీ నిన్న సాయంత్రంతో పని ముగించాడు. ఇక ఉప్పుకి చుట్టు తిరిగి వెళ్ళాలి. ఆ ఇంటికి మాత్రం కాదు.

తారు పక్క మహల్లాకి వెళ్ళింది. అక్కడ విడాకులు సున్నా. మా వీధిలో ఆడవాళ్ళు కొందరు నాతో మాట్లాడటం లేదు. కొందరు ఇదివరకు మాట్లాడనివాళ్ళు మాట్లాడుతున్నారు, చిన్న గొంతుతో, గుమ్మంలో నిలబడి. ఇద్దరు ఫారం ఎక్కడ దొరుకుతుందని అడిగారు.

బల్ల మీద విడాకుల పక్కన ఒకటి అంకె వేశారు. మిగతా సున్నాల పక్కన చాలా సన్నగా ఉంది.

కెటిళ్ళు: రెండు. హాయిగా ఉంది. చాలా హాయిగా ఉంది. మధ్యాహ్నమంతా ఏం చెయ్యాలో తోచలేదు.

ఆగస్టు 10

మొదటి పరిశీలన, రెండు వారాలు ఆలస్యంగా.

సాయంత్రం అయిదింటికి వీధి గుమ్మం తట్టారు. ఎవరని అడిగాను. "మహల్లా చైర్మన్," అని బయట నుంచి జవాబు. తలుపు తీశాను. ఇస్త్రీ చొక్కా, టోపీ, చంకలో రిజిస్టరు. ఆ చొక్కా మధ్యాహ్నం ఇస్త్రీ చేసింది నేనే. ఎక్కడికని అడగలేదు, చెప్పలేదు.

అతిథి కూర్చునే చోట కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

"దరఖాస్తుదారు ఆరోగ్యం ఎలా ఉంది?"

"మోకాలు నొప్పి."

"ఎప్పటి నుంచి?"

"రెండేళ్ళ నుంచి."

కలం ఆగింది. "నాకు చెప్పలేదే."

"ఆ ప్రశ్న చైర్మన్ అడుగుతున్నారా?"

దగ్గి, రాసుకున్నారు. రోజంతా ఏం చేస్తారని అడిగారు. ఫారంలో ఆ గడి ఉంది. చెప్పాను. పొద్దున్న పిండి కలపడం దగ్గర మొదలుపెట్టాను. ఒక లైను రాసే చోటు అది. నిండిపోయాక పక్క మార్జిన్లో రాశారు, తర్వాత కింద. ఎక్కడా 'ఇంకో కెటిల్' అనలేదు. అనకముందే నేనే తెచ్చాను, అది వేరే సంగతి.

"ప్రతివాది ప్రవర్తనలో మార్పు ఏమన్నా ఉందా?"

"నాకు తెలీదు. మీకేమన్నా తెలిస్తే రాసుకోండి."

రిజిస్టరు మీంచి తలెత్తకుండా చదువుతున్నట్టు చెప్పారు. "ప్రతివాది ఆదివారం రిష్టాన్ వెళ్ళాడు. హిలోలాని క్షమించమని అడగడానికి. గుమ్మంలోనే ఉంచి మాట్లాడింది. లోపలికి రానివ్వలేదు."

ఆదివారం చెరువు శుభ్రం చేయించడానికి వెళ్తున్నానని చెప్పారు నాకు.

"ఏమంది?"

"'నాకు కాగితం అందింది మావయ్యా, మిగతావాళ్ళ సంగతి చూడండి' అంది. తలుపేసుకుంది."

"రాశారా అది?"

"రాశాను."

చివరి గడి దగ్గరికి వచ్చారు. "రాజీ పడే ఉద్దేశం ఉందా? అవును, కాదు. ఏదో ఒకటి చెప్పాలి."

"ఇప్పుడు చెప్పలేను. వచ్చే వారం అడగండి."

అలాగే రాశారు. 'వచ్చే వారం అడగాలి.' సంతకం పెట్టమన్నారు. నా పేరు రాసి ఉన్న చోట పెట్టాను. పరిశీలన ముగిసిన సమయం: 5:40 అని వేసి, రిజిస్టరు మూసి, సలాం చెప్పి వెళ్ళిపోయారు.

గిన్నెలు కడుగుతూ గోడ గడియారం చూశాను. 5:31.

కిటికీలోంచి చూస్తే బయట వీధిలో, మా గుమ్మం ఎదురుగా, బురద పక్కన నిలబడి ఉన్నారు. చేతి గడియారం చూసుకుంటున్నారు. పరిశీలన ఇంకా ముగియలేదు కదా, లోపలికి ఎలా వస్తారు.

వెళ్ళి తలుపు తీయొచ్చు. తీయలేదు. తప్పు లెక్క రాస్తే ఆ తొమ్మిది నిమిషాలూ నిలబడాల్సిందే. గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని, రాత్రికి ఉల్లిపాయలు తరిగాను. 5:40 అయ్యాక తట్టారు.

"ఎవరు?" అన్నాను.

కాసేపు ఆలోచించాల్సి వచ్చింది ఆయనకి.